సూర్యుని నీడను కొలిచిన అల్బెరూనీ

ముసల్మానుల దినమునకు సూర్యుడు గడియారము. సంవత్సరమునకు చంద్రుడు పంచాంగము. తూర్పు తెల్లబారినప్పుడు ఫజర్, ప్రొద్దు నడినెత్తినుండి వాలినపిదప జుహర్, నీడలు సాగినప్పుడు అసర్, ప్రొద్దు క్రుంకగనే మగ్రిబ్, పడమటి వెలుగు పూర్తిగా మాసిన తరువాత ఇషా: ఈ అయిదు నమాజులకును వేళ చెప్పువాడు సూర్యుడే. అయినను ఆ సూర్యునకు మ్రొక్కుట ఆ మతమున నిషిద్ధము. సరిగా ఉదయించు క్షణమున, నడినెత్తినుండు క్షణమున, అస్తమించు క్షణమున నమాజు చేయరాదను నియమము కూడ కలదు. సూర్యారాధకులతో పోలిక రాకూడదనుట దాని ఉద్దేశములలో నొకటి. ఇబ్రాహీము ప్రవక్త కథ ఖురానులో వచ్చును. ఆయన నక్షత్రమును చూచెను, చంద్రుని చూచెను, కడపట అన్నిటికంటె పెద్దగా కనబడు సూర్యుని చూచెను. మూడును అస్తమించుటతో, అస్తమించునది దైవము కాజాలదని తీర్మానించుకొనెను. సూర్యచంద్రులు ఒక లెక్కకు లోబడి నడచుచున్నారనియు, తమ తమ కక్ష్యలలో ఈదుచున్నారనియు ఆ గ్రంథమే మరికొన్ని తావుల చెప్పుచున్నది.

దైవము కానిదియు, లెక్కకు లోబడినదియు అయినపుడు దానిని లెక్కించుటలో అపచార మేమున్నది? ఇస్లాము వ్యాపించిన దేశములలో జ్యోతిర్గణితము మసీదు నీడన పెరుగుటకు ఈ భావము చాల తోడ్పడెను. కాని ఆ లెక్కను చూచి జంకినవారును, అది నాస్తికమని నిందించినవారును లేకపోలేదు. ఈ రెండు పక్షముల నడుమ బ్రదికి, కొలత ఏమి చెప్పునో అదియే చెప్పినవాడు అబూ రైహాను మహమ్మదు అల్ బిరూనీ. మన చరిత్ర పుస్తకములలో ఆయన అల్బెరూనీ. గజినీ మహమ్మదు కాలమున హిందూదేశమునకు వచ్చి, సంస్కృతము నేర్చి, ఈ దేశమును గురించి గొప్ప గ్రంథము వ్రాసినవాడుగా మనకు పరిచితుడు. ఆ గ్రంథము ఆయన కృషిలో ఒక భాగము మాత్రమే. పదునేడవ యేట ఆరంభించి ఆయన విడువక చేసిన వ్యాసంగము సూర్యుని గూర్చినది.

అల్బెరూనీ 973 సెప్టెంబరు 4వ తేదీన ఖ్వారజ్ము దేశపు రాజధానియైన కాస్ పట్టణమున జన్మించెను. ఆముదర్యా నది ఒకప్పుడు ఆరాలు సముద్రమున కలియుటకు ముందు తడిపిన సీమ అది. నేడు ఉజ్బెకిస్థానులో నున్నది. ఆ తావుననున్న పట్టణమునకు ఆయన పేరే పెట్టినారు. బిరూను అనగా పారసీకమున వెలుపలి భాగము. పట్టణపు పొలిమేరలలో పుట్టినవాడు గావున ఆ పేరు వచ్చినదందురు. రాజబంధువును, గణితమున దిట్టయు నైన అబూ నస్ర్ మన్సూరు ఆయనకు గురువు. శిష్యుని ప్రతిభకు ముగ్ధుడై ఆ గురువు తన గ్రంథములలో కొన్నింటిని శిష్యుని పేరనే వ్రాసెను. గురువులకు శిష్యులు గ్రంథములు అంకితమిచ్చుట లోకమున కలదు గాని ఇట్టిది అరుదు.

పదునేడవ యేట, అనగా 990 ప్రాంతమున, అల్బెరూనీ మధ్యాహ్న సూర్యుని ఎత్తును కొలిచి కాస్ పట్టణపు అక్షాంశమును కనుగొనెను. విషువద్దినమున మధ్యాహ్న సూర్యుని ఎత్తు ఎన్ని డిగ్రీలో చూచి, 90 నుండి తీసివేసినచో ఆ యూరి అక్షాంశము తేలును. తక్కిన దినములలో సూర్యుడు విషువద్రేఖకు ఎంత ఉత్తరముగనో, ఎంత దక్షిణముగనో ఉన్నాడను లెక్కను గూడ కలుపుకొనవలెను. ఇందులకు కావలసిన సూక్ష్మత చేతి యంత్రములతో రాదు. అందుచేత ఆయన కాస్ సమీపమున ఒక పల్లెలో 15 మూరల వ్యాసముగల పెద్ద వలయమును నిలిపి, 995 వేసవి అయనాంతమున సూర్యుని చూచెను. శీతకాలపు అయనాంతమును గూడ చూచియుండినచో, క్రాంతివృత్తము విషువద్వృత్తమునకు ఎంత వంగియున్నదో తేలియుండెడిది. ఆ అదృష్టము లేకపోయెను. గుర్గంజు పాలకుడు కాస్‌పై దండెత్తి ఖ్వారజ్మ్‌షాను చంపెను. యంత్రములను వదలి, ప్రాణములు దక్కించుకొని అల్బెరూనీ దేశము విడిచిపోయెను. అప్పటికి ఆయనకు ఇరువది రెండేండ్లు.

నేటి టెహరాను సమీపముననున్న రయ్ నగరమున ఆయన కొంతకాలము దరిద్రమున గడపెను. అచ్చట ఒక జ్యోతిష్కునితో ఏదో గణిత విషయమున వాదము వచ్చెను. వాదించువాని చినిగిన బట్టలను చూచి ఆ జ్యోతిష్కుడు ఈసడించెను. తరువాత ఈయనకు మంచి రోజులు రాగానే స్నేహము కలుపుకొనెను. అల్బెరూనీ ఈ సంగతిని కోపము లేకుండ, కొంత వినోదముగనే చెప్పుకొనినాడు. రయ్‌లో ఆయన పొందిన లాభము వేరొకటి కలదు. అచ్చటి కొండపై ఖుజందీ అను విద్వాంసుడు 994లో ఒక బ్రహ్మాండమైన కట్టడమును సూర్యునికొరకే కట్టించియుండెను. చీకటి గదివంటి ఆ కట్టడపు పైకప్పులోని రంధ్రము గుండ సూర్యకిరణము లోని చాపముపై పడును; అది ఎచ్చట పడినదో గుర్తించి సూర్యుని ఎత్తును అంగుళముల తేడా లేకుండ చదువవచ్చును. ఖుజందీ తన పద్ధతిని స్వయముగ వివరించెను. అల్బెరూనీ విని, మెచ్చి, అంతటితో ఊరకుండక, రెండు అయనాంతముల నడుమ ఆ రంధ్రము బరువునకు కొంచెము క్రుంగినదనియు, ఖుజందీ లెక్క తప్పుటకు అదియే కారణమనియు వ్రాసెను. పెద్దవారి యంత్రమైనను తప్పు చూపకుండ విడుచుట ఆయనకు చేతగాదు.

997 మే 24వ తేదీన చంద్రగ్రహణము పట్టెను. అప్పటికి కాస్‌కు తిరిగి వచ్చియున్న అల్బెరూనీ, బాగ్దాదులోని అబుల్ వఫాతో ముందే మాట చేసికొని, ఇద్దరును తమ తమ యూళ్లలో ఆ గ్రహణమును చూచిరి. గ్రహణము ఆకాశమున ఒక్క క్షణముననే జరుగును. రెండు యూళ్ల స్థానిక కాలములలోని తేడాయే రేఖాంశముల తేడా. తంతి, తపాలా లేని దినములలో వందల ఆమడల దూరముననున్న ఇద్దరు మనుష్యులు ఒకే రాత్రి ఒకే ఛాయను కనిపెట్టి యుండుట గొప్ప సంగతియే.

తరువాత ఆయన కాస్పియను సముద్రతీరమున గుర్గాను పాలకుడైన కాబూసు ఆశ్రయమున నుండి, 1000 ప్రాంతమున కాలగణనమును గూర్చి పెద్ద గ్రంథమును వ్రాసెను. గ్రీకులు, పారసీకులు, యూదులు, క్రైస్తవులు, అరబ్బులు మొదలగు వారి పంచాంగములన్నియు అందులో కలవు. ఇస్లామీయ సంవత్సరము శుద్ధ చాంద్రమానము. అది సుమారు 354 దినములకే ముగియును. సౌరసంవత్సరముకంటె పదునొకండు దినములు తక్కువ. మన పంచాంగకర్తలు అధికమాసము వేసి ఈ తేడాను సర్దుదురు. పూర్వము అరబ్బులును అట్లే చేసెడివారు. ఖురాను దానిని నిషేధించెను. అందుచేత రంజాను మాసము ముప్పదిమూడేండ్లలో అన్ని ఋతువులను చుట్టివచ్చును. ఉపవాసమునకు ఇందువలన చిక్కులేదు. ఎండకాలపు కష్టమును, చలికాలపు సౌఖ్యమును అందరికిని వంతులవారీగ లభించును. కాని పంట చంద్రుని చూచి పండదు. పన్ను వసూలు తేదీ పంటకంటె ముందుకు జరుగుచు రైతును పీడింపగా, 895లో ఖలీఫా ముతజిదు నౌరోజును వెనుకకు జరిపి పన్నును సూర్యునికి ముడివేయవలసి వచ్చెను. అల్బెరూనీ ఈ ఉదంతమును శ్రద్ధగా వ్రాసెను. మతమునకు చంద్రుడు, సేద్యమునకు సూర్యుడు అను ఏర్పాటులో ఆయనకు విరోధమేమియు తోచలేదు.

ఇంచుమించు ఆ దినములలోనే తనకంటె ఏడేండ్లు చిన్నవాడైన ఇబ్ను సీనాకు ఆయన పదునెనిమిది ప్రశ్నలు పంపెను. అందులో పెక్కు అరిస్టాటిలు మతముపై గురిపెట్టినవి. వేడి గల పదార్థము భూకేంద్రమునుండి పైకి పోవుట స్వభావమని అరిస్టాటిలు అనుయాయులు చెప్పుదురు. అట్లయినచో సూర్యుని వేడి మనవైపు దిగి వచ్చుట యెట్లు? కిరణములు పదార్థములా, కావా? ఇబ్ను సీనా సమాధానములు ఆయనను తృప్తిపరుపలేదు. వాదము వేడెక్కి, చివరి సమాధానములు ఇబ్ను సీనా శిష్యుడు వ్రాయవలసి వచ్చెను. ఆ ప్రశ్నకు సరియైన సమాధానము దొరకుటకు ఇంకను తొమ్మిది వందల యేండ్లు పట్టెను. సూర్యుని గర్భమున సుమారు కోటి యేబది లక్షల డిగ్రీల వేడిలో ఉదజని కణములు కలిసి హీలియముగ మారుటవలన పుట్టు శక్తి, వెలుగు రూపమున 8 నిమిషముల 20 సెకనులలో మనకు చేరుచున్నదని నేడు పాఠశాల బాలురకును తెలియును. ఉత్తరము తెలియని కాలమున ప్రశ్నను సరిగా అడుగగలుగుట చిన్న పని కాదు.

1004 ప్రాంతమున స్వదేశమునకు మరలివచ్చి ఖ్వారజ్మ్‌షా మామూను కొలువున చేరెను. అచ్చట రాజకార్యములు తలకు మించినను, 1016 జూను మొదలు డిసెంబరు వరకు మధ్యాహ్న సూర్యుని పదే పదే కొలిచెను. మరుసటి యేడే గజినీ సుల్తాను మహమ్మదు ఖ్వారజ్మును ఆక్రమించి, ఆస్థాన విద్వాంసులను తన రాజధానికి తరలించుకొనిపోయెను. అల్బెరూనీ వారిలో నొకడు. అతిథియో, బందీయో చెప్పుట కష్టము. కొంత అదియు, కొంత ఇదియు నై యుండవచ్చును.

1018 అక్టోబరు 14న ఆయన కాబూలు సమీపమున ఒక పల్లెలో నుండెను. చేత యంత్రము లేదు, డబ్బు లేదు, మనసు బాగులేదు. సూర్యుని ఎత్తు చూడవలెనను కోరిక మాత్రము పోలేదు. లెక్కలు వేసికొను పలక వెనుక తట్టున చాపము గీసి, డిగ్రీలు గుర్తించి, ఒక దారమునకు బరువు కట్టి వ్రేలాడదీసి, దానితోనే ఆ దినపు సూర్యుని కొలిచెను.

1019 ఏప్రిల్ 8న లమ్‌ఘాన్ లోయలో ఆయన సూర్యగ్రహణమును చూచెను. ఆ దినము సూర్యుడు గ్రహణముతోనే ఉదయించెను. సూర్యబింబమును నేరుగా చూడరాదనియు, నీటిలో ప్రతిబింబమును చూచుట మేలనియు, చిన్నతనమున తాను అట్లు నేరుగా చూచిన గ్రహణములవలన తన దృష్టి మందగించినదనియు ఆయన వ్రాసియున్నాడు. ఇస్లాము చరిత్రలో సూర్యగ్రహణమునకు ఒక ప్రత్యేక స్థానము కలదు. మదీనాలో దైవప్రవక్త మహమ్మదు పసికుమారుడు ఇబ్రాహీము మరణించిన దినమున గ్రహణము పట్టెను. 632 జనవరి 27నాటి గ్రహణము అదియని నేటి లెక్కలవలన చెప్పుదురు. బిడ్డ మృతికి సూర్యుడే దుఃఖించినాడని జనులు అనుకొనసాగిరి. పుత్రశోకముననున్న ఆ తండ్రి అందులకు ఒప్పుకొనలేదు. సూర్యచంద్రులు దైవపు గురుతులే గాని ఎవరి చావుపుట్టుకలకును వారికి గ్రహణము పట్టదని చెప్పి, జనులను ప్రార్థనకు నిలిపెను. నాటినుండి గ్రహణపు నమాజు ఆచారమైనది. రాజుల జాతకములకును గ్రహణములకును ముడిపెట్టి బ్రదుకు జ్యోతిష్కులు నిండియున్న ఆస్థానములలో అల్బెరూనీ వంటివానికి ఆ హదీసు ఒక అండ.

గజినీ ఆస్థానమున ఆయనకు కావలసినదియు అట్టి అండయే. ఆయన పిదప సుమారు రెండు వందల యేండ్లకు యాకూతు అను చరిత్రకారుడు వ్రాసిన కథ యొకటి కలదు. దూరపు తురుష్క దేశమునుండి ఒక దూత సుల్తాను కొలువునకు వచ్చెను. ధ్రువము వైపున సముద్రమున కావల తాను చూచిన ప్రదేశమున సూర్యుడు అస్తమింపక భూమిపైన చుట్టు తిరుగుచుండుననియు, అచ్చట రాత్రి యుండదనియు అతడు చెప్పెను. సుల్తాను మండిపడెను. ప్రొద్దు క్రుంకనిచో మగ్రిబ్ ఎచ్చట, ఇషా ఎచ్చట, ఉపవాసము విడుచుట యెప్పుడు? ఇది మతద్రోహుల మాటయని ఆయన నిశ్చయించెను. మహమ్మదు కొలువున ఆ ముద్ర పడుట ప్రాణాపాయము. అప్పుడు మంత్రి అబూ నస్ర్ మిష్కాను అడ్డుపడి, ఈ మనిషి తన మతమును చెప్పుటలేదు, కన్నది చెప్పుచున్నాడని విన్నవించి, సూర్యునినుండి ఏ చాటును లేని జనులను గూర్చిన ఖురాను వాక్యమును జ్ఞప్తికి తెచ్చెను. సుల్తాను అల్బెరూనీ వైపు తిరిగెను.

అల్బెరూనీ క్లుప్తముగ వివరించెను. భూమి గుండ్రనిది. సూర్యుని మార్గము వంగియున్నది. ఉత్తరమునకు పోవుకొలది వేసవి పగలు పొడుగగును. ఒక హద్దు దాటినచో సూర్యుడు దినమున చుట్టివచ్చు వృత్తము మొత్తము క్షితిజమునకు పైననే యుండును, అస్తమయమే యుండదు. ఇది గణితము, దూత చెప్పినది అబద్ధము కానక్కరలేదు. సుల్తాను ఊరకుండెను. ఈ కథలో ఎంత పాలు నిజమో, ఎంత పాలు తరువాతి మెరుగో గాని, ఆస్థానపు గాలి యెట్టిదో దీనివలన తెలియుచున్నది. నేడు నార్వే, ఫిన్లాండు దేశముల ఉత్తరభాగములలో కాపురముండు ముసల్మానులు వేసవిలో సమీప నగరముల వేళలనో, మక్కా వేళలనో అనుసరించి నమాజు చేయుచున్నారు. సుల్తాను కోపమునకు కారణమైన ప్రశ్న మతమును కూల్చలేదు. ధర్మశాస్త్రజ్ఞులకు పని మాత్రము కల్పించెను.

1021 ప్రాంతమున ఆయన నీడలనుగూర్చియే ఒక గ్రంథము వ్రాసెను. ఆయన గ్రంథములలో సామాన్యునకు మిక్కిలి దగ్గరైనది ఇదియే యనవచ్చును. నిలువుగ పాతిన శంకువు నీడ మధ్యాహ్నమున అతి కురుచ. అది మరల పెరుగ నారంభించుటతో జుహర్ వేళ వచ్చును. మధ్యాహ్నపు నీడకు పైగా శంకువు పొడుగంత నీడ పెరిగినపుడు అసర్ అని షాఫయీ మొదలగువారు, రెండింతలు పెరిగినపుడని అబూ హనీఫా. మధ్యాహ్నపు నీడను మొదట కలుపుకొనుట ఎందుకనగా అది ఊరినిబట్టి, ఋతువునుబట్టి మారును. మన తెలుగుదేశమున ఏటా రెండు దినములు నడిమధ్యాహ్నమున శంకువు నీడ పూర్తిగ మాయమగును; మక్కాలోను అంతే. గజినీలో ఒక్క దినమును మాయము కాదు. ఫజర్, ఇషాలకు నీడ లేదు గావున, సూర్యుడు క్షితిజమునకు సుమారు 18 డిగ్రీలు క్రిందనున్నపుడు ఆకాశపు వెలుగు మాయమగునను లెక్కను ఆయన ఇచ్చెను. సంధ్యాకాలమునకు నేటి ఖగోళ శాస్త్రజ్ఞులు వాడు సంఖ్యయు అదియే.

ఈ గ్రంథమున ఒక ముచ్చట కలదు. నమాజు వేళలు చూపు యంత్రమొకటి రోమకుల సౌరమాసముల ననుసరించి గుర్తులు వేయబడియుండెను. చాంద్రమాసములు ఋతువులతో నిలువవు గావున నీడలకు సౌరమాసములే కావలెను. కాని ఒక మసీదు పెద్ద, అవిశ్వాసుల నెలలు గల వస్తువు మసీదులోనికి రాకూడదని త్రోసిపుచ్చెను. అట్లయినచో రోమకులు అన్నము తినుచున్నారు, బజారులలో నడచుచున్నారు, ఆ రెండింటిలోను వారిని అనుకరింపకుమని అల్బెరూనీ అతనికి బుద్ధిచెప్పెను. మసీదుకొరకే చేయబడిన యంత్రము మసీదు గడపకడ ఆగిపోయినదని ఆయనకు కలిగిన చిరాకు ఇందు తెలియుచున్నది. 1025లో ముగించిన మరియొక గ్రంథమున ఆయన గజినీనుండి మక్కా యే దిక్కుననున్నదో, అనగా అచ్చటి మసీదులు ఎటు తిరుగవలెనో, గోళగణితముతో నిర్ణయించెను. దానికి కావలసిన అక్షాంశములలో పెక్కు సూర్యుని ఎత్తులవలన సంపాదించినవే.

మహమ్మదు దండయాత్రల వెనుక అల్బెరూనీ పంజాబు ప్రాంతములకు వచ్చెను. ఆ దండయాత్రలవలన ఈ దేశపు సిరి ధూళియైనదనియు, హిందువుల విద్యలు తమ చేతికందని దూరములకు తరలిపోయినవనియు వ్రాయుటకు ఆయన వెనుదీయలేదు. సుల్తాను ఆశ్రయమున నుండియే ఈ మాట వ్రాయుట గమనింపదగినది. నందన దుర్గమువద్ద, నేటి పాకిస్తానులోని ఉప్పుకొండలలో, సుమారు 652 మూరల ఎత్తుగల కొండనెక్కి క్షితిజము 34 నిమిషములు క్రిందికి వంగి కనబడుటను కొలిచి, దానినుండి భూమి వ్యాసార్ధమును తేల్చెను. ఫలితము నేటి సంఖ్యకు దగ్గరగ నున్నదని పొగడుట పరిపాటి. ఆ మూర పొడుగు ఖచ్చితముగ తేలనందునను, గాలిలో వెలుగు వంగుటను ఆయన లెక్కింపనందునను ఆ దగ్గరతనములో కొంత అదృష్టము కూడ నున్నది. పద్ధతి మాత్రము అద్భుతము.

సూర్యునే దైవముగ కొలుచు దేశమును ఆయన ఇచ్చట చూచెను. ముల్తానులోని ఆదిత్య విగ్రహము కొయ్యతో చేసి ఎఱ్ఱని తోలు తొడిగినదనియు, కన్నులకు రెండు కెంపులు పొదిగినవనియు, తన కాలమునకు ముందే జలము ఇబ్ను షైబాను దానిని పగులగొట్టెననియు వర్ణించెను. ఆ వర్ణనలో వెక్కిరింత లేదు, భక్తియు లేదు. గ్రహణ విషయమున మాత్రము ఆయన తీవ్రముగ మాటలాడెను. భూమి నీడవలన చంద్రగ్రహణము, చంద్రుడు అడ్డువచ్చుటవలన సూర్యగ్రహణము నని బ్రహ్మగుప్తునకు పూర్తిగ తెలియును. తెలిసియు రాహువు కథను సమర్థించుటకు పూనుకొనెను. సోక్రటీసుకు పట్టిన గతి తనకు పట్టకుండ ఆ మహాగణితజ్ఞుడు అట్లు వ్రాసెనా యని అల్బెరూనీ సందేహించెను. మహమ్మదు కొలువున నున్నవానికి ఆ భయము యొక్క రుచి తెలియకపోదు. తన మతగ్రంథమును గురించి ఆయన చెప్పినది, భూమ్యాకాశముల ఆకృతి విషయమున ఖురానులో బలవంతపు వ్యాఖ్యానము కావలసినదేదియు లేదని. శాస్త్రమును నాస్తికమని పిలుచు తన వారినిగూడ ఆయన మందలించెను. భూమియే తిరుగుచున్నదని ఆర్యభటుని అనుయాయులు చెప్పుట ఆయనకు తెలియును. అట్లనుకొన్నను గ్రహగణితమునకు నష్టము లేదని ఒప్పుకొనెను. కాని తుదకు నిలుకడ భూమినే ఎన్నుకొనెను. ఇందు ఆయన తన కాలమునకు లోబడినవాడే.

1030లో సుల్తాను మహమ్మదు మరణించెను. ఆ యేటనే హిందూదేశమును గూర్చిన గ్రంథము ముగిసెను. కొత్త సుల్తాను మసూదునకు జ్యోతిశ్శాస్త్రమున ఆసక్తి మెండు. పగలు రాత్రులు దేశదేశమున పొడుగు మారుటనుగూర్చి ఆయన అడుగగా అల్బెరూనీ సులభమైన మాటలలో ఒక పుస్తకము వ్రాసియిచ్చెను. తరువాత తన జీవితకాలపు జ్యోతిర్గణితమునంతటిని కూర్చి పదునొకండు భాగముల మహాగ్రంథమును ఆ సుల్తాను పేర వెలయించెను. అదియే అల్ ఖానూన్ అల్ మసూదీ.

అందులో సూర్యుని గూర్చిన ముఖ్య విషయము మన సిద్ధాంతులు రవి మందోచ్చమని పిలుచు బిందువు. సూర్యుడు ఏడాది పొడవున ఒకే వేగముతో నడువడు. వసంత విషువత్తునుండి శరద్విషువత్తు వరకు సుమారు 186 దినములు, మిగిలిన సగమునకు 179 దినములు. ఎచ్చట మిక్కిలి మెల్లగ నడచునో అదియే మందోచ్చము. టాలెమీ దానిని కదలని బిందువుగ నమ్మెను. తొమ్మిదవ శతాబ్దపు బాగ్దాదు వేధలలో అది జరిగియున్నట్లు కనబడెను. అల్బెరూనీ పూర్వుల కొలతలన్నింటిని, తన కొలతలను సరిపోల్చి, ఎవరి కొలతలో ఎంత దోషము రాగలదో విచారించి, మందోచ్చము నిజముగ కదలుచున్నదని స్థిరపరచెను. విషువత్తుల చలనముకంటె వేరుగ దానికి గల స్వంత చలనమునకు సంఖ్య ఇచ్చినవాడు అదే శతాబ్దమున స్పెయినులోని జర్‌ఖాలీ: 279 యేండ్లకు ఒక డిగ్రీ. నేటి లెక్కలో అది సుమారు 310 యేండ్లు. భూమి కక్ష్య దీర్ఘవృత్తమగుటచే జనవరి మొదటి వారమున సూర్యునికి 14 కోట్ల 71 లక్షల కిలోమీటర్ల దూరమునను, జూలైలో 15 కోట్ల 21 లక్షల కిలోమీటర్ల దూరమునను ఉండును. ఆ కక్ష్యయే మెల్లగ తిరుగుచున్నది. అల్బెరూనీ సూర్యునిలో చూచిన చలనము భూమిదని తేలుటకు ఇంకను అయిదారు వందల యేండ్లు కావలసివచ్చెను. కొలత నిలిచినది, దాని వెనుకనున్న చిత్రము మారినది.

ఈ గ్రంథమునకు సంతసించి మసూదు ఏనుగు బరువు వెండిని పంపగా, తనకు అవసరము లేదని ఆయన త్రిప్పి పంపెనని యాకూతు చెప్పుచున్నాడు. రయ్‌లో చినిగిన బట్టలతో తిరిగిన దినములు ఆయనకు జ్ఞాపకమున్నవో లేవో!

1036 ప్రాంతమున ఆయన తన గ్రంథముల పట్టికను తానే వ్రాసికొనెను. అప్పటికే నూటికి పైగా నుండెను. అందులో తన వయస్సును చాంద్రమానమున 65, సౌరమానమున 63 అని రెండు విధములను చెప్పుకొనెను. మరణము 1048లో గజినీలో సంభవించెనని వాడుక. కాని చివరి గ్రంథమైన ఔషధముల పుస్తకమున ఎనుబది చాంద్రసంవత్సరములు దాటినట్లు తానే వ్రాసినందున, 1050 తరువాత వరకు జీవించియుండవలెనని పండితులు కొందరందురు.

తుదిఘడియలలో ఒక న్యాయశాస్త్రవేత్త చూడవచ్చెను. ఎగశ్వాసతో నున్న అల్బెరూనీ, తల్లివైపు అవ్వల వారసత్వమును గూర్చి ఆయన పూర్వమొకమారు చెప్పిన లెక్కను మరల వివరింపుమని కోరెను. ఈ స్థితిలోనా యని ఆయన జాలిపడెను. తెలియక పోవుటకంటె తెలిసికొని పోవుట మేలు గదా యని వృద్ధుడు మెల్లగ పలికెను. ఆయన వివరించెను, అల్బెరూనీ దానిని తిరిగి అప్పగించెను. న్యాయశాస్త్రవేత్త గుమ్మము దాటి వీధిలో నడచుచుండగనే ఇంటిలోనుండి ఏడ్పులు వినవచ్చెను.

ఆయన గ్రంథములలో చాలభాగము నశించినది. మిగిలినవానిని వెలికి తెచ్చుటలో హైదరాబాదునకు పెద్ద పాలు కలదు. 1888లో అచ్చట స్థాపితమై, తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయమున చేరిన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ, నీడల గ్రంథముతో గూడిన లఘుకృతులను 1948లోను, అల్ ఖానూన్ అల్ మసూదీ మూలమును 1954 మొదలు 1956 వరకు మూడు సంపుటములుగను, హిందూదేశ గ్రంథమును 1958లోను అరబ్బీలో అచ్చువేసెను. మందోచ్చమును గూర్చి పరిశోధించు పండితులు నేటికిని తెరచునది ఆ హైదరాబాదు ప్రతినే.